ట్రైటన్ డెక్ కింద తడి

1959 జనవరిలో న్యూయార్క్ బోట్ షోకు వచ్చిన ట్రైటన్ ధర పది వేల డాలర్ల లోపే. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఆ 28 అడుగుల తెరచాప పడవను రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో కట్టింది క్లింటన్, ఎవరెట్ పియర్సన్‌లు. వరసకు అన్నదమ్ములు. చెక్క పడవకు ఏటా సందులు పూడ్చి, రంగులు వేసి విసిగిపోయినవాళ్లకు కుళ్లని ఫైబర్‌గ్లాస్ వరంలా కనిపించింది. 1967 దాకా 700కు పైగా ట్రైటన్లు నీళ్లలోకి దిగాయి.

ఫైబర్‌గ్లాస్ నిజంగానే కుళ్లలేదు. కుళ్లింది దాని పొట్టలో దాగిన కలప.

మనుషులు నడిచే పడవ పైతలం, అంటే డెక్, గట్టిగానూ ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి. అందుకని రెండు పలుచని ఫైబర్ పొరల మధ్య బెండులాంటి బల్సా కలప పెట్టారు. మోకులు కట్టే క్లీట్లకూ, వాటిని చుట్టి లాగే వించ్‌లకూ, అంచు కమ్మీల స్తంభాలకూ ఆ పొరల గుండానే బోల్టులు దించారు. నీరు దిగకుండా లోహం కింద పూసిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పెళుసుబారింది. పడవ ఎక్కే ప్రతివారూ పట్టుకుని లాగే కమ్మీ స్తంభాల దగ్గర మొదట సందు పడుతుంది. అందులోంచి దిగిన వాననీటికి బయటికి దారి లేదు. కాలికింద డెక్ మెత్తగా దిగబడే సరికి లోపలి బల్సా గుజ్జయిపోయి ఉంటుంది.

దీనికి పడవల వాళ్లు కనిపెట్టిన మరమ్మతు చూడముచ్చటైనది. నట్లు విప్పి, స్తంభం పీకి, రంధ్రాన్ని పెద్దది చేస్తారు. వంచిన మేకును డ్రిల్లుకు బిగించి తిప్పితే పొరల మధ్య చుట్టూ ఉన్న బల్సా రాలిపోతుంది. ఆ ఖాళీలో చిక్కటి ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక మధ్యలో కొత్త రంధ్రం వేస్తారు. ఇక బోల్టు పక్కనుంచి నీరు దిగినా కలపను తాకదు. రంధ్రం అంచును కొద్దిగా ఏటవాలుగా చెక్కితే సీలెంట్ అక్కడ ఉంగరంలా నిలుస్తుంది. బిగించేటప్పుడు పైనుంచి బోల్టు కదలకుండా ఒకరు పట్టుకోవాలి, కిందినుంచి నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగిందా, పూసిన సీలెంట్ చెదిరినట్టే.

ఈ పనికి చాలామంది ఇష్టపడే పాలీసల్ఫైడ్ సీలెంట్ విమానాల ఇంధన ట్యాంకులు కారకుండా వాడిన సరుకు. ఎపాక్సీని పడవల వాళ్లకు అలవాటు చేసింది 1970లలో మిషిగన్‌కు చెందిన గూజన్ సోదరులు.

తప్పు బల్సాకు అంటగట్టడం అన్యాయం. గాలిమరల రెక్కల్లో ఈనాటికీ అదే కలప వాడుతున్నారు. తడి తగలనంతకాలం అది చెక్కుచెదరదు. పాత ట్రైటన్ కొనబోయేవారు తెరచాపలు చూడకముందే ప్రతి స్తంభం చుట్టూ సుత్తి పిడితో తట్టి చూడండి. మొద్దు శబ్దం వస్తే బేరం అక్కడినుంచే మొదలుపెట్టండి.