పాస్‌వర్డుల పెట్టె ఏ క్లౌడ్‌లో ఉండాలి? ఒక సూత్రం, దాని వ్యాఖ్యానం

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురంలో చాలా ఇళ్లలో పాస్‌వర్డుల పుస్తకం ఒకటి ఉంటుంది. ఎరువుల కొట్టువాళ్లు సంక్రాంతికి ఇచ్చిన డైరీలో వెనక పేజీలే ఆ పుస్తకం. నెట్‌ బ్యాంకింగ్, పీఎఫ్, ఇన్‌కంటాక్స్, గ్యాస్, కువైట్‌లో ఉన్న అమ్మాయి డబ్బు పంపే యాప్, అన్నీ ఒకే పేజీ మీద ఉంటాయి. ఒక పాస్‌వర్డు కొట్టేసి, పక్కన ఇంకొకటి రాసి, దాని మీద ‘కొత్తది’ అని రాసి, తర్వాత దాన్నీ కొట్టేసి ఉంటారు. ఏది చెల్లుతుందో రాసినవారికే తెలియదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కాగితం మీద ఉన్న లెక్క ఎంత అపాయంలో ఉంటుందో అప్పుడు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అందుకే పాస్‌వర్డ్ మేనేజర్ వైపు వస్తున్నవాళ్లు పెరుగుతున్నారు. రాగానే అడిగే మొదటి ప్రశ్న: ‘ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టమంటారా, డ్రాప్‌బాక్స్‌లోనా?’ ఆ ప్రశ్న అవసరమే. అయితే అది చివర అడగాల్సింది. ఏది ముందో ఏది తర్వాతో గుర్తుండటానికి ఈ సూత్రం:

‘సొంత ఫైలు, ఒక్క మహాతాళం, వేరే దారిన తాళంచెవి, నెట్ లేకున్నా తెరుచుకునే నకలు, పాత ప్రతులు, తిరిగి లోపలికొచ్చే దారి, ఆ తర్వాతే సేవ పేరు.’

ఇక ఒక్కో మాటా చూద్దాం.

సొంత ఫైలు

పాస్‌వర్డ్ మేనేజర్లు రెండు తరగతులు. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటివి మీ పాస్‌వర్డులను తాళం వేసి తమ సర్వర్లలోనే ఉంచి, అన్ని ఫోన్లకూ అవే అందిస్తాయి. వాటికి వేరే క్లౌడ్ అక్కర్లేదు. రెండో తరగతి కీపాస్ కుటుంబం. డొమినిక్ రైకెల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో పాస్‌వర్డులన్నీ కేడీబీఎక్స్ అనే ఒకే ఒక్క ఫైలులో ఉంటాయి. దాన్ని కంప్యూటర్లో కీపాస్ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ లేదా కీపాస్2ఆండ్రాయిడ్, ఐఫోన్‌లో స్ట్రాంగ్‌బాక్స్ లేదా కీపాసియం తెరుస్తాయి. గురుగ్రామ్ కంపెనీ తయారు చేసే ఎన్‌పాస్ కూడా ఈ పద్ధతిదే. పెట్టెను మీరు ఎంచుకున్న క్లౌడ్‌లో పెడుతుంది.

‘సొంత’ అన్నది అందుకే. ఫైలు మీది. ఒక యాప్ మూతపడితే ఇంకొకదానితో తెరుస్తారు. ఒక క్లౌడ్ ధర పెంచితే ఇంకో క్లౌడ్‌కి కాపీ చేస్తారు. ఆ స్వేచ్ఛకు బదులుగా, దాన్ని మోసుకుపోయే బాధ్యతా మీదే అవుతుంది. అది వద్దనుకునేవారు బిట్‌వార్డెన్ ఉచిత ఖాతా తీసుకుని నిశ్చింతగా ఉండవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. ఈ వ్యాఖ్యానం ఫైలు తమ చేతిలోనే ఉండాలనుకునేవారి కోసం.

ఒక్క మహాతాళం

‘క్లౌడ్‌లో పెడితే వాళ్లు చూసెయ్యరాండీ?’ అని ఊళ్లో పెద్దవాళ్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. సీలు వేసిన ఇనప్పెట్టెను రేవు దాటించే పడవవాడికి తాళంచెవి ఇవ్వం గదా. క్లౌడ్ సంగతీ అంతే. ఫైలు మీ ఫోన్లోనే ఎన్‌క్రిప్ట్ అయి బయల్దేరుతుంది. క్లౌడ్ కంపెనీకి చేరేది అర్థంకాని అక్షరాల ముద్ద మాత్రమే.

ఇది మాటవరసకు చెప్పేది కాదు. 2011 జూన్ 19న డ్రాప్‌బాక్స్‌లో ఒక లోపం వల్ల నాలుగు గంటల పాటు ఏ ఖాతాలోకైనా ఏ పాస్‌వర్డ్ కొట్టినా ప్రవేశం దొరికింది. ఆ వేళలో అక్కడ మామూలు ఫైళ్లు పెట్టుకున్నవారు ఆరుబయట నిలబడ్డట్టే. గట్టి తాళం వేసిన కీపాస్ ఫైలును మాత్రం దొరికినవాడు కూడా తెరవలేడు.

రెండో ఉదాహరణ ఇంకా పెద్దది. లాస్ట్‌పాస్ వినియోగదారుల పాస్‌వర్డు పెట్టెల బ్యాకప్‌ను దుండగులు క్లౌడ్ స్టోరేజి నుంచి కాపీ చేసుకుపోయారని ఆ కంపెనీయే 2022 డిసెంబరులో ప్రకటించింది. పెట్టెలు పోయాయి. వాటిలో వెబ్‌సైట్ల చిరునామాలు ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఉన్నాయి. మిగతాది దక్కిందా పోయిందా అన్నది ఒక్కొక్కరి మాస్టర్ పాస్‌వర్డు, అంటే పెట్టె తెరిచే మహాతాళం, బలాన్ని బట్టి ఉంది. అంటే, పెట్టె ఏదో ఒకనాడు పరుల చేతిలో పడుతుందనుకునే తాళం వెయ్యాలి.

తాళం ఎంత గట్టిగా ఉండాలి? సంబంధంలేని ఆరు మాటలు, యాదృచ్ఛికంగా ఎంచినవి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ రూపొందించిన డైస్‌వేర్ పద్ధతిలో పాచికలు వేసి 7,776 మాటల జాబితా నుంచి ఒక్కో మాటా తీస్తారు. మనం తెలుగు నిఘంటువును కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడ్డ మాట తీసుకున్నా మేలే. తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: మాటలు తెలుగువైనా కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లో. ‘కొబ్బరి’ని ఒకనాడు రెండు ‘బి’లతో, ఇంకోనాడు ఒక్కదానితో కొడితే పెట్టె తెరుచుకోదు. స్పెల్లింగు మొదటిరోజే నిర్ణయించి, పదిరోజులు రోజూ కొట్టి చేతికి అలవాటు చెయ్యాలి. సర్వారాయ హరికథా పాఠశాల ఉన్న ఊరు కపిలేశ్వరపురం. గంటల తరబడి సాగే కథను పిల్లలు కంఠస్థం చేసే చోట ఆరు మాటలు గుర్తుపెట్టుకోలేమని ఎవరం అనుకోనక్కర్లేదు. ఒక్క హెచ్చరిక: అందరికీ తెలిసిన పద్యపాదాన్నో కీర్తన పల్లవినో తాళంగా పెట్టకండి. పుస్తకాల్లో ఉన్నది ఊహించేవాడి జాబితాలోనూ ఉంటుంది.

ఒక సాంకేతిక అంశం. ఫైలు తయారుచేసేటప్పుడు కేడీబీఎక్స్ 4, ఆర్గాన్2 ఎంచుకోండి. ఒక్కో ఊహను పరీక్షించడానికి చాలా మెమరీ, కొంత సమయం ఖర్చయ్యేలా చేసే పద్ధతి ఆర్గాన్2. మీకు తెరవడానికి ఒక సెకను ఆలస్యం. కోట్ల ఊహలు కొట్టి చూసేవాడికి అది దాటరాని గోడ.

వేరే దారిన తాళంచెవి

మాస్టర్ పాస్‌వర్డుతో పాటు ‘కీ ఫైల్’ అనే చిన్న ఫైలు కూడా ఉంటేనే పెట్టె తెరుచుకునేలా కీపాస్‌లో ఏర్పాటు చేసుకోవచ్చు. దీన్ని వాడేవాళ్లలో తరచు జరిగే పొరపాటు, రెండింటినీ ఒకే ఫోల్డర్లో పెట్టడం. పెట్టె ఎక్కడో తాళంచెవీ అక్కడే ఉంటే ప్రయోజనం సున్నా. పెట్టె క్లౌడ్ దారిన వెళ్లాలి. కీ ఫైల్ చేతిలోంచి చేతికి వెళ్లాలి: యూఎస్‌బీ కేబుల్‌తో ఒక్కో ఫోన్లోకి ఒక్కసారి ఎక్కించి వదిలెయ్యాలి. దాని నకలున్న పెన్‌డ్రైవ్‌లు రెండు, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. అది పోతే ఫైలు మీక్కూడా తెరుచుకోదు. అంత జాగ్రత్త కుదరదనుకుంటే కీ ఫైల్ మానేసి, ఆరు మాటలను ఏడు చేసుకోండి.

నెట్ లేకున్నా తెరుచుకునే నకలు

కోనసీమవారు ఈ మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2022 మే 24న, జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి సేవలు లేవు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్లకు వెళ్లి, అవతలి ఒడ్డు టవర్ల సిగ్నల్ అందుకుని ఉద్యోగాలు చేసుకున్నారు. అలాంటి రోజున అవతలి ఒడ్డున ఉన్న యానాం వెళ్లి ఎవరి కంప్యూటర్ ముందో కూర్చున్నారనుకోండి. నెట్ అక్కడ ఉంది. బ్యాంకు పాస్‌వర్డు మీ ఫోన్లోని పెట్టెలో ఉంది. ఆ పెట్టె ఫోన్లోనే ఉండాలి గానీ, అందాలంటే మళ్లీ నెట్ కావాలనే చోట ఉండకూడదు.

క్లౌడ్ యాప్‌లన్నీ ఈ విషయంలో ఒకేలా ప్రవర్తించవు. కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్ యాప్‌కు ‘స్ట్రీమ్’, ‘మిర్రర్’ అని రెండు పద్ధతులు. స్ట్రీమ్‌లో ఫైలు పేరు కనిపిస్తుంది గానీ, తెరవబోయినప్పుడే అది పైనుంచి దిగుతుంది. మిర్రర్‌లో ఎప్పుడూ డిస్కు మీదే ఉంటుంది. వన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కాలి. ఫోన్లో కీపాస్2ఆండ్రాయిడ్ గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్‌లతో నేరుగా మాట్లాడుతుంది; చివరిసారి తెరిచిన ప్రతిని తన దగ్గర ఉంచుకుని, నెట్ లేనప్పుడు అదే తెరుస్తుంది. క్లౌడ్ ఎంపికలో గోప్యత కంటే ఇదే పెద్ద గీటురాయి. రహస్యాన్ని మీ మహాతాళం కాపాడుతుంది. క్లౌడ్ నుంచి మీరు కోరాల్సింది ఫైలు సమయానికి చేతికి రావడం.

పాత ప్రతులు

సింక్ అంటే బ్యాకప్ కాదు. హైదరాబాదులో అబ్బాయి పొరపాటున ఒక ఎంట్రీ చెరిపితే, అది నిమిషంలో కపిలేశ్వరపురంలోని నాన్న ఫోన్లోనూ చెరిగిపోతుంది. తప్పును కూడా సింక్ అంతే నమ్మకంగా మోస్తుంది. కాబట్టి పాత ప్రతులు దాచే సేవ కావాలి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో 30 రోజుల వెనక్కి వెళ్లవచ్చు. గూగుల్ డ్రైవ్ కూడా ఇలాంటి ఫైళ్లకు 30 రోజులో, 100 ప్రతులో ఉంచుతుంది. ఇవి చాలవు; నెలకోసారి ఫైలును పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసుకోవాలి.

ఇందులోనే ఇంకో చిక్కు. ఇక్కడ నాన్న గ్యాస్ ఖాతా పాస్‌వర్డు మార్చారు, ఆ సమయంలో నెట్ లేదు. కువైట్‌లో అమ్మాయి బ్యాంకుది మార్చింది. రెండు ఫోన్లూ ఒకే ఫైలును రెండు రకాలుగా మార్చాయి. అప్పుడు డ్రాప్‌బాక్స్ ఒకదాన్ని అసలు పేరుతో ఉంచి, రెండోదాన్ని ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని తేదీతో సహా పక్కన పెడుతుంది. చాలామంది దాన్ని చెత్త అనుకుని తీసేస్తారు. దాంతో ఒకరి మార్పు పోతుంది. తీసెయ్యకండి. కీపాస్ఎక్స్‌సీలో అసలు ఫైలు తెరిచి, డేటాబేస్ మెనూలో ‘మెర్జ్’ నొక్కి రెండోదాన్ని చూపించండి. ఎంట్రీల వారీగా పోల్చి, ఏది తర్వాత మారిందో దాన్ని ఉంచుతుంది. గ్యాసూ దక్కుతుంది, బ్యాంకూ దక్కుతుంది.

తిరిగి లోపలికొచ్చే దారి

అందరూ మరిచిపోయే మాట ఇది. గూగుల్ ఖాతా పాస్‌వర్డు పెట్టెలో ఉంది. పెట్టె గూగుల్ డ్రైవ్‌లో ఉంది. ఫోను గోదాట్లో పడింది. ఇప్పుడు దేనితో ఏది తెరుస్తారు? కొత్త ఫోన్లో గూగుల్ ఖాతా తెరుద్దామంటే ఓటీపీ పాత నంబరుకు వెళ్తుంది. గల్ఫ్‌లో ఉన్నవారికి ఇది మరీ కష్టం: రీచార్జి చెయ్యక ఇక్కడి సిమ్ రద్దయిపోయి ఉంటే ఆ ఓటీపీ ఎప్పటికీ రాదు.

అందుకని మూడు సంగతులు కాగితం మీద ఉండాల్సిందే: మహాతాళం, క్లౌడ్ ఖాతా పాస్‌వర్డు, ఆ ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్లు. గూగుల్ ఒకసారికి పది కోడ్లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో సీలు చేసి, ఇంటి దస్తావేజుల దగ్గర పెట్టండి. దాని రెండో ప్రతిని వరద చేరని ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. పాస్‌వర్డుల పుస్తకం వద్దన్నవాళ్లమే ఈ కాగితం కావాలంటున్నాం, ఎందుకంటే యాభై పాస్‌వర్డుల పుస్తకం రోజూ బయటికి రావాలి. ఈ కాగితం అపాయంలో తప్ప రానక్కర్లేదు.

ఇంకొకటి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. నాన్న పేరున ఖాతా తెరిచి పెట్టెను అందులో పెట్టి, ఆయన దాన్ని ముట్టుకోకపోతే ఖాతాతో పాటు పెట్టె కూడా పోతుంది. ఇంట్లో ఎవరి ఖాతా రోజూ వాడుకలో ఉందో వారిదే ఎంచుకోండి. ఆ మనిషికి ఏమైనా అయితే కాగితం ఎక్కడుందో ఇంకొకరికి తెలియాలి. పెద్దాయన పోయాక పీఎఫ్, బీమా డబ్బు కోసం తిరిగే ఇంటివారి కష్టం ఈ ఒక్క జాగ్రత్తతో సగం తగ్గుతుంది.

ఆ తర్వాతే సేవ పేరు

ఇంతదూరం వచ్చాక పేర్ల గొడవ చిన్నదైపోతుంది. పాస్‌వర్డు ఫైలు కొన్ని వందల కిలోబైట్లు కూడా ఉండదు. కాబట్టి గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2 అన్న లెక్క దీనికి పనికిరాదు. అయితే గూగుల్ 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా కలిసే ఉంటాయి. ఫొటోలతో అది నిండిపోతే కొత్త ఫైలు పైకి వెళ్లదు. సింక్ ఆగిన సంగతి తెలియకపోవచ్చు. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాకు మూడు పరికరాల హద్దు ఉంది. నాలుగు ఫోన్లున్న ఇంటికి సరిపోదు. మెగా లాంటి సేవలు తమవైపు నుంచి కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. మంచిదే, కానీ మీ ఫైలుకు తాళం ముందే ఉంది. క్లౌడే వద్దంటే సింక్‌థింగ్ ఉంది. ఫైలు పరికరం నుంచి పరికరానికి నేరుగా వెళ్తుంది. రెండూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. ఇంట్లో ఎప్పుడూ వెలిగే కంప్యూటర్ లేనివారికి నేను దాన్ని చెప్పను.

తాత్పర్యం

మహాతాళం గట్టిదైతే, ఇంట్లో అందరికీ అలవాటైన క్లౌడే మంచి క్లౌడ్. కోనసీమలో ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువున్న ఇంటికి గూగుల్ డ్రైవ్, కీపాస్2ఆండ్రాయిడ్ చాలు. ఏర్పాటు పూర్తయ్యాక మూడు పరీక్షలు పెట్టండి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పెట్టె తెరవండి. ఒక ఎంట్రీ చెరిపి, పాత ప్రతిలోంచి తిరిగి తెచ్చుకోండి. చివరగా, కాగితం (కీ ఫైల్ పెట్టుకుంటే దాని పెన్‌డ్రైవ్ కూడా) తప్ప ఇంకేమీ చేతిలో లేకుండా, కొత్త ఫోన్లో అంతా మళ్లీ తెరవగలరేమో చూడండి. మూడూ నెగ్గితే ఆ డైరీ వెనక పేజీలు చించి కాల్చెయ్యవచ్చు. ఏ ఒక్కటి నెగ్గకపోయినా, క్లౌడ్ పేరు ఎంత పెద్దదైనా ఆ ఏర్పాటు పనికిరాదు. సూత్రంలో ఆ మాట దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.