ఒకటే ఇంజిన్, ఊరికో పేరు

కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు ఠక్కున దారి చెబుతారు. ఆల్విన్ అంటే ఏమిటని అడిగి చూడండి, పాతికేళ్ల లోపు వాళ్లు తెల్లమొహం వేస్తారు. పెద్దవాళ్లయితే ముందు ఫ్రిజ్ అంటారు, తర్వాత చేతి గడియారం అంటారు. ఇంకొంచెం ఆలోచిస్తే ఆర్టీసీ బస్సు బాడీలు గుర్తుకొస్తాయి. స్కూటర్ మాట చివరికి వస్తుంది, అదీ వస్తే. 1942లో నిజాం హయాంలో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా పుట్టి, తర్వాత ప్రభుత్వ సంస్థగా మారిన ఆ కంపెనీ సనత్‌నగర్ నుంచి ఇన్ని సరుకులు పంపింది. వాటిలో ఒకదాని పేరు ఆల్విన్ పుష్పక్.

పుష్పక్ ఇంజిన్ మాత్రం సనత్‌నగర్‌లో పుట్టింది కాదు. అసలు పుట్టిల్లు ఇటలీలోని మిలాన్. 1947లో ఫెర్డినాండో ఇన్నొచెంతి అనే కార్ఖానాదారు లాంబ్రెట్టా స్కూటర్‌ను తెచ్చాడు. లాంబ్రాతే అనే పేట పేరే బండికి పెట్టాడు. అంతకు ఏడాది ముందే పియాజియో వాళ్ల వెస్పా వచ్చేసింది. పాతికేళ్ల పోటీలో లాంబ్రెట్టా అలసిపోయింది. 1971లో అక్కడ తయారీ ఆగిపోతే, 1972లో భారత ప్రభుత్వం యంత్రాలతో, హక్కులతో సహా కొనేసి లక్నోలో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ పెట్టింది. ఇటలీవాడు చాలించుకున్న వ్యాపారాన్ని మనం మొదలుపెట్టాం.

లక్నోలో తయారైన స్కూటర్ విజయ్ సూపర్. అదే బండి విడిభాగాలుగా కొన్ని రాష్ట్రాలకు వెళ్లి, అక్కడ బిగించాక ఇంకో పేరుతో బయటికి వచ్చేది. ఒకచోట ఫాల్కన్, ఒకచోట కేసరి, మన దగ్గర ఆల్విన్ పుష్పక్. లెగ్‌షీల్డ్ మీది పేరుపలక, రంగు, చిన్నాచితకా అలంకారం వేరు. పక్క డోమ్ తీసి చూస్తే అన్నిటిలో అదే మిలాన్ టూ స్ట్రోక్.

ఈ రోజుల్లో మార్కెటింగ్‌వాళ్లు ఎవరికి ఏ బండి అమ్మాలో వయసు, జీతం, సరదా లెక్కకట్టి తేలుస్తారు. అప్పుడు ఆ బాధ లేదు. కొనేవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. బజాజ్ చేతక్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలం. ముందు దొరికిన బండే మంచి బండి. ఆ మాటకొస్తే ఒకే తరహా బండికి రెండు పేర్లు పెట్టే పని బజాజ్ కూడా చేసింది. 1975లో మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థతో కలిసి మహారాష్ట్ర స్కూటర్స్ పెట్టి, సతారా నుంచి ప్రియ అనే బండి తెచ్చింది. ప్రియ, చేతక్ పక్కపక్కన నిలబెడితే అక్కచెల్లెళ్లలా ఉండేవి.

అయితే రెండు ఇటలీ వంశాలకూ తేడా ఉంది, అది పేరులో కాదు, ఎముకల్లోనే. వెస్పా వంశానికి చట్రం ఉండదు, రేకు ఒళ్లే దానికి బలం. ఇంజిన్ కుడి పక్కన వేలాడుతుంది. మొండికేసిన చేతక్‌ను మన నాన్నలు ఒక పక్కకి వాల్చి, లేపి, కిక్ కొట్టిన దృశ్యం ఆ తరానికి బాగా తెలుసు. లాంబ్రెట్టా వంశానికి లోపల గొట్టాల చట్రం, నడిమధ్యన ఇంజిన్. పుష్పక్ ఎక్కినవాడు వెస్పాతో పోలిస్తే నిటారుగా, నిలకడగా వెళ్లేవాడు. అమ్మకానికి పనికొచ్చే అసలు తేడా అది. పుష్పక్ పేరులో గాలిలో ఎగిరే రథం ఉంది గానీ నేల మీది ఈ నిలకడ లేదు.

1980లలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే సంస్థ వెస్పా వంశాన్ని పట్టుకుంది. పియాజియోతో చేయి కలిపి వెస్పా పీఎల్ 170 తెచ్చింది. అదే సమయంలో కాన్పూర్ నుంచి ఎల్ఎంఎల్ కూడా వెస్పా పేరుతోనే బండ్లు దింపింది. ఒకే దేశంలో, ఒకే ఇటలీ పేరు మీద ఇద్దరు అమ్మకందార్లు. జనం నోట మిగిలింది ఎల్ఎంఎల్ వెస్పా.

ఈ స్కూటర్ల గొడవ నడుస్తుండగానే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్. పెట్రోల్‌లో ఆయిల్ కలపక్కర్లేదు, మైలేజీ చూస్తే స్కూటర్ల కడుపు మండేలా ఉంది. 1994లో స్ప్లెండర్, 2001లో ప్యాషన్. సీడీ 100, స్ప్లెండర్, ప్యాషన్ మూడింటి గుండె 97.2 సీసీయే. అయినా ఎంత తెలివిగా పంచారో చూడండి. పొదుపు చూసుకునే ఉద్యోగికి స్ప్లెండర్. అదే పొదుపు కావాలి గానీ కాలేజీ గేటు ముందు కాస్త కనిపించాలి అనుకునే కుర్రాడికి రెండు రంగుల ట్యాంకుతో ప్యాషన్. ఇంటికి వచ్చిన పెళ్లికొడుకుల తరఫువాళ్లు స్ప్లెండర్‌కి, ప్యాషన్‌కి మధ్య బేరమాడిన కాలం మన పల్లెల్లో ఉంది. ఇంజిన్ ఒకటేనని ఎవరూ పట్టించుకోలేదు. పుష్పక్‌కు దొరకనిది ఇదే. పేరు వెనక ఒక మనిషి రూపం లేదు, సర్కారు ముద్ర ఉంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక కూకట్‌పల్లి తీరు మారింది. హౌసింగ్ బోర్డు కాలనీ గదులు హాస్టళ్లయ్యాయి. జీతం అందుకున్న మొదటి ఏడాదే బండి కొనే కుర్రాళ్లు వచ్చారు. నాన్న ఇంటి అవసరం చూసి కొన్నాడు, కొడుకు తనను చూసుకుని కొన్నాడు. 2001లో పల్సర్, 2012లో కేటీఎం డ్యూక్ 200. ఆ రెండూ ఒకే బజాజ్ చాకన్ ఫ్యాక్టరీ బండ్లు, కానీ షోరూమ్‌లు వేరు, రంగు వేరు, అమ్మే కుర్రాడి టీషర్టు కూడా వేరు. నారింజ రంగు షోరూమ్‌లోకి వెళ్లినవాడికి బజాజ్ అన్న మాట వినపడకూడదన్నదే కిటుకు.

2018లో ఈ ఆటలోకి హైదరాబాద్ కంపెనీయే దిగింది. కార్ల డీలర్‌షిప్‌లు నడిపే మహావీర్ గ్రూపు, అప్పటిదాకా పుణె సంస్థ చేతిలో ఉన్న బెనెల్లిని తీసుకుని ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా పెట్టింది. హైదరాబాద్‌కు దగ్గర్లోని పోచంపల్లిలో బిగింపు ప్లాంటు. బెనెల్లి కథ వింటే సినిమాకు సరిపోతుంది. 1911లో ఇటలీలోని పెసారో పట్నంలో తెరెసా బెనెల్లి అనే వితంతువు ఆస్తినంతా పెట్టుబడి పెట్టి ఆరుగురు కొడుకులకు ఒక మెకానిక్ షెడ్డు పెట్టించింది. కొడుకుల్లో చిన్నవాడు టోనీనో రేసుల్లో ఇటలీ ఛాంపియన్ అయి, 1937లో బండి మీదే చనిపోయాడు. యుద్ధం తర్వాత పెద్దవాడు జుసెప్పె తమ్ముళ్లతో పడక విడిపోయి మోటోబీ అని వేరుకుంపటి పెట్టాడు. 1962లో రెండూ మళ్లీ కలిశాయి. బ్రాండ్లు విడదీయడం, కలపడం అన్నది మన ఉమ్మడి కుటుంబాల పంపకాలంత పాతదన్నమాట. 2005లో చైనాలోని చియాన్‌జియాంగ్ కంపెనీ బెనెల్లిని కొనేసింది.

మోటోబీ వాళ్ల పాత బండి పేరు ఇంపీరియాలె. ఆ పేరునే తీసుకుని 2019లో ఇంపీరియాలె 400 ను మన దగ్గర 1.69 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు దింపారు. 374 సీసీ, గుండ్రటి ట్యాంకు, డుగుడుగు మోత. గురి ఎవరి మీదో చెప్పాలా? బుల్లెట్ కొందామనుకున్నవాణ్ని గుమ్మంలో ఆపడానికి తెచ్చిన బండి అది.

ఇక 500 సీసీ జంట సిలిండర్ ఇంజిన్‌తో ఈ కంపెనీ చేసిన పంపకం దగ్గర కాస్త ఆగాలి. అదే ఇంజిన్ మూడు ఒళ్లలో కూర్చుంది. ఒకటి టీఆర్కే 502. ఎత్తుగా నిలబడ్డ అద్దం, పెట్టెలు బిగించుకునే వెసులుబాటు, బరువు 235 కిలోలు. లద్దాఖ్ వెళ్తామని కొన్నవాళ్లలో సగం మంది కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ రైల్వే వంతెన కింద ఫస్ట్ గేర్‌లో పాకుతుంటారు. వర్షాకాలంలో ఆ దారి గుంతలు చూస్తే కొన్నది వృథా అనలేం. రెండోది లియొంచినో. ముందు చక్రం మడ్‌గార్డ్ మీద చిన్న సింహం బొమ్మ కూర్చుని ఉంటుంది. అది 1950ల నాటి చిన్న బెనెల్లి పేరుకు గుర్తు. మూడోది 502సీ, సీటు నేలకు 750 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండే క్రూజర్. టీఆర్కే అడ్వెంచర్ మోడల్ మీద కాలు నేలకు ఆనించడానికి ముని వేళ్లు వెతుక్కునే మనిషి దీని మీద హాయిగా రెండు పాదాలూ ఆనిస్తాడు. శబ్దం మాత్రం ఒకటే. కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో చెప్పలేం.

ఇంతవరకూ లెక్క కుదిరింది. తర్వాత ఆదీశ్వర్ మోటో వాల్ట్ అని ఇంకో దుకాణం తెరిచింది. అందులో 1937లో బొలోన్యాలో అల్ఫోన్సో మోరిని పెట్టిన మోటో మోరిని, చైనా జోంటెస్ వచ్చాయి. 2022లో హంగరీ పుట్టుక చెప్పుకునే కీవే, ఆ తర్వాత క్యూజే మోటార్. బెనెల్లి, కీవే, క్యూజే మూడింటికీ యజమాని అదే చియాన్‌జియాంగ్. జోంటెస్ అయితే ఒక్క 348 సీసీ ఇంజిన్ మీద ఒకే విడతలో ఐదు బండ్లు దింపింది: 350ఆర్, 350ఎక్స్, జీకే350, 350టీ, 350టీ ఏడీవీ. కీవేలో 250 సీసీ క్రూజర్, 300 సీసీ స్పోర్ట్స్ బండి, రెండు స్కూటర్లు. రెండు లక్షలకూ ఏడు లక్షలకూ మధ్య ఇన్ని రకాలుంటే కొనేవాడి బుర్ర తిరగడం సహజం. నా అభిప్రాయం అడిగితే ఇక్కడ పేర్లు ఎక్కువయ్యాయి, మనుషులు తక్కువయ్యారు. ఒక పేరు జనం నాలుక మీద నిలవకముందే ఇంకో పేరు వచ్చింది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 349 సీసీ ఇంజిన్ ఒక్కదాన్నే పంచింది: 2020లో మీటియోర్, 2021లో క్లాసిక్, 2022లో హంటర్, 2023లో బుల్లెట్. తేడా ఏమిటంటే, ఏడాదికి ఒక బండి, ఒక బండికి ఒక మనిషి. హంటర్ కొనేవాడు కాలేజీ దాటినవాడు, బుల్లెట్ కొనేవాడి వెనక వాళ్ల నాన్న కోరిక ఉంటుంది. పైగా కూకట్‌పల్లి మెకానిక్‌కు ఆ ఇంజిన్ బోల్టులన్నీ కంఠస్థం. అరుదైన బండి కొన్నవాడు మొదటి ఏడాది సెల్ఫీలు పెడతాడు, రెండో ఏడాది క్లచ్ ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయని వాట్సాప్ గ్రూపులో అడుగుతాడు. ఈ మాట ఒక్క కంపెనీకి కాదు, తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే ప్రతి పేరుకూ వర్తిస్తుంది.

2023 జులైలో రెండు పెద్ద పేర్లు ఒకే నెలలో దిగాయి. బజాజ్ చేతుల మీదుగా ట్రయంఫ్ స్పీడ్ 400, హీరో చేతుల మీదుగా హార్లే ఎక్స్440. మరుసటి ఏడాదే అదే 440 ఇంజిన్‌తో హీరో తన సొంత మావ్రిక్ తెచ్చింది. రెండున్నర లక్షల లోపు హార్లే దొరుకుతుంటే, ఏడు లక్షల ఇటలీ పేరు కొనమని చెప్పడం సేల్స్ కుర్రాడికి కష్టమైంది. మోటో మోరిని 650 సీసీ బండ్ల ధరలు 2025లో లక్షల్లో తగ్గాయి.

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ వచ్చింది. 350 సీసీ లోపు బండ్లకు 28 శాతం పోయి 18 శాతం. 350 దాటితే 40 శాతం. ఆ ఒక్క గీతతో కంపెనీలు కూర్చిన వరుసలన్నీ చెదిరాయి. జోంటెస్ 348 సీసీ, ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇవతల పడ్డాయి. ఇంపీరియాలె 374 సీసీ, ట్రయంఫ్ 398 సీసీ, హార్లే 440 సీసీ అవతల పడ్డాయి. గీత దాటిన 24 సీసీలకు ఇంపీరియాలె తన పాత పోటీదారు బుల్లెట్ కంటే ఇరవై రెండు శాతం పాయింట్లు ఎక్కువ పన్ను గడిలోకి వెళ్లింది. ఇక మూసాపేట షోరూమ్‌లలో మొదటి ప్రశ్న మైలేజీ ఎంత, బ్రాండ్ ఏది అని కాదు, ఎన్ని సీసీలు అని.