కాలిబాట కలిపిన ఊళ్లు

సర్వీసులో ఉన్నంతకాలం జిల్లా, తాలూకా, ఫిర్కా అన్న మాటలతోనే మనకు పని. కాని ఊళ్లను కలిపి ఉంచేవి ఆ గీతలు కావు, మనుషులు నడిచే బాటలు. భద్రాచలం చరిత్రే ఇందుకు తార్కాణం.

గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిషువారికి దక్కింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో చేరింది. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 1965లో వంతెన ప్రారంభమయ్యాక పడవతో పని లేకుండా అవతలి గట్టు సారపాక కూడా ఇరుగుపొరుగైంది.

రికార్డులు ఎన్నిసార్లు మారినా గూడేల నడక మారలేదు. కోయ గ్రామంలో ఇళ్లు మైదానపు ఊళ్లలా ఆనుకుని ఉండవు. కొన్ని ఇళ్లు కలిసి ఒక గుంపు, అలాంటి కొన్ని గుంపులు కలిసి ఒక ఊరు. మధ్యలో కాలిబాట. చేనుకైనా, నీళ్లకైనా, అడవికైనా ఆ బాటనే పోవాలి. అందుచేత రోజూ ఒకరి ముఖం ఒకరు చూస్తారు, మంచిచెడ్డలు తెలుసుకుంటారు. చింతపండు, ఇప్పపువ్వు మోసుకుని వారపు సంతకు వస్తే పక్క ఊళ్ల చుట్టాలూ అక్కడే కలుస్తారు.

2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా మరో గీత పడింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దాని పక్కనున్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. రాములవారి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని గుడి భూములు మరో రాష్ట్రంలో! బజారుకు నడిచి వచ్చేవారికి దారి పాతదే. ఆఫీసు పని పడితే మాత్రం వేరే దిక్కు చూడాలి.

ముంపు గ్రామాల వారికి పునరావాస కాలనీలు కట్టారు. వరుస ఇళ్లు, రోడ్లు, కరెంటు వచ్చాయి, సంతోషమే. అయితే షెడ్యూల్డు తెగల కుటుంబాలకు వీలైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతంలో, ఒకేచోట, వారి భాషా సంస్కృతులు నిలిచేలా పునరావాసం కల్పించాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. పాత గుంపు వారికి పక్కపక్కనే ఇళ్లు ఇచ్చి, చేను నడక దూరంలో ఉంటేనే ఆ మాట నెరవేరినట్లు. ఇల్లిచ్చినంత మాత్రాన ఇరుగుపొరుగును ఇచ్చినట్లు కాదు.

ఏజెన్సీలో పనిచేసిన మన సభ్యులు ముంపు ఊళ్ల గుంపుల పేర్లు, సంత బాటలు జ్ఞాపకమున్నంతవరకు రాసి పెట్టాలని మనవి. ఊరు నీట మునిగినా దాని నడక మన పిల్లలకు తెలుస్తుంది.