భారత సైన్యంలో క్రీడాకారులు

సైన్యంలో కొలువు చేస్తూ, అక్కడి జీతం, రేషన్, శిక్షణలతోనే జాతీయ, అంతర్జాతీయ పోటీలకు తయారయ్యే సిపాయిలనూ అధికారులనూ సైనిక క్రీడాకారులు అంటారు. దేశీయ పోటీల్లో త్రివిధ దళాల వారు ‘సర్వీసెస్’ పేరుతో ఒకే జట్టుగా దిగుతారు. హాకీ, పరుగు, షూటింగ్, జావెలిన్ త్రోలలో భారత్ సాధించిన పేరులో వీరి పాలు చాలా పెద్దది.

ఆరంభం

కుస్తీ, కత్తిసాము, గుర్రపు స్వారీ శతాబ్దాలుగా భారతీయ సైనికుల దినచర్యలో ఉన్నవే. ఆంగ్లేయుల పాలనలో వీటికి ఫుట్‌బాల్, హాకీ, బాక్సింగ్ తోడయ్యాయి. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్ తొలినాళ్లలో సైనిక జట్ల ఫుట్‌బాల్ పోటీయే. సైన్యంలో క్రీడల నిర్వహణకు 1919లో ప్రత్యేక నియంత్రణ మండలి ఏర్పడింది.

ధ్యాన్‌చంద్

ధ్యాన్‌చంద్ (1905–1979) 1922లో, పదహారేళ్ల వయసులో, సిపాయిగా చేరాడు. అప్పటికి అతనికి హాకీ మీద చెప్పుకోదగ్గ ఆసక్తి లేదు. కర్ర చేతికిచ్చి మెళకువలు నేర్పినవాడు సుబేదార్ మేజర్ బాలే తివారీ. పగలు డ్యూటీ ఉండేది కనుక రాత్రిపూట వెన్నెల్లో సాధన చేసేవాడని ప్రతీతి. 1926లో భారత సైనిక జట్టు న్యూజీలాండ్ వెళ్లి 21 మ్యాచ్‌లు ఆడింది. 18 గెలిచి, రెండు డ్రా చేసుకుని, ఒక్కటే ఓడింది. మొత్తం 192 గోల్స్ కొట్టింది. తిరిగివచ్చాక ధ్యాన్‌చంద్‌కు లాన్స్ నాయక్ హోదా దక్కింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో అతను 14 గోల్స్ చేశాడు, భారత్ స్వర్ణం గెలిచింది. 1932లో లాస్ ఏంజెలిస్‌లోనూ స్వర్ణమే. 1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో అతని నాయకత్వంలో భారత్ ఫైనల్లో జర్మనీని 8–1 తేడాతో ఓడించింది. మామూలు సిపాయిగా చేరినవాడు 1956లో మేజర్‌గా పదవీ విరమణ చేశాడు. పద్మభూషణ్ వచ్చింది కూడా ఆ ఏడాదే.

సికింద్రాబాద్, మిల్ఖా సింగ్

స్వాతంత్ర్యం తర్వాత సైనిక క్రీడల్లో అత్యంత ఫలవంతమైన దశ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో మొదలైంది. దేశ విభజన హింసలో తల్లిదండ్రులను కోల్పోయి శరణార్థిగా ఢిల్లీ చేరిన మిల్ఖా సింగ్, మూడుసార్లు తిరస్కరణకు గురయ్యాక నాలుగో ప్రయత్నంలో సైన్యంలో చేరాడు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) సెంటర్‌కు వచ్చాడు. అక్కడ కొత్త రిక్రూట్లందరికీ క్రాస్‌కంట్రీ పరుగు పెట్టారు. మొదటి పదిమందిని అథ్లెటిక్స్ శిక్షణకు తీసుకుంటామన్నారు. మిల్ఖా ఆరోవాడిగా వచ్చాడు. ఎంపికైనవారికి ఫెటీగ్ డ్యూటీ (శిబిరంలోని చాకిరీ పనులు) తప్పేది, రోజూ ఒక గ్లాసు పాలు అదనంగా దొరికేవి. 400 మీటర్లంటే ఎంతో అతనికి అప్పటికి తెలియదు. ట్రాక్ చుట్టూ ఒక రౌండ్ అని చెబితే అర్థమైంది.

ఆకలి తెలిసిన కుర్రవాడికి ఆ గ్లాసు పాలు చిన్న ప్రలోభం కాదు. సైనిక క్రీడల బలమంతా ఈ ఏర్పాటులోనే ఉంది. సంపన్న కుటుంబాల పిల్లలకు ఇంట్లో దొరికే తిండినీ, తీరికనూ, గురువునూ పేదింటి కుర్రాళ్లకు రెజిమెంట్ సమకూర్చింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మిల్ఖా ఆరంభ దశలోనే వెనుదిరిగాడు. అక్కడ 400 మీటర్ల విజేత చార్లెస్ జెంకిన్స్‌ను అడిగి అతని సాధన పద్ధతి తెలుసుకుని వచ్చాడు. 1958లో టోక్యో ఆసియా క్రీడల్లో 200, 400 మీటర్లు రెండింటా స్వర్ణాలు, అదే ఏడాది కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో 440 గజాల స్వర్ణం గెలిచాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెకనులో పదోవంతు తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచాడు. తర్వాత సైన్యం వదిలి పంజాబ్ ప్రభుత్వ క్రీడా విభాగంలో చేరాడు.

ఇదే ఈఎంఈలో బాక్సర్‌గా పేరు తెచ్చుకున్న మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత ఈతకు మళ్లి 1972 హైడెల్‌బెర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాడు. ఇంత గొప్ప విజయానికి పద్మశ్రీ 2018లో గానీ రాలేదు.

తర్వాతి దశాబ్దాలు

రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన శ్రీరామ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో 1 నిమిషం 45.77 సెకన్లలో పరుగెత్తి ఏడో స్థానంలో నిలిచాడు. ఆ జాతీయ రికార్డు 2018 దాకా చెదరలేదు. బాక్సర్ కౌర్ సింగ్ 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు.

మిషన్ ఒలింపిక్స్

సైన్యం చేపట్టిన ‘మిషన్ ఒలింపిక్స్’ కార్యక్రమంలో భాగంగా 2001లో పుణేలో ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. విలువిద్య, బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ వంటివి అక్కడ నేర్పుతారు. షూటింగ్‌కు మధ్యప్రదేశ్‌లోని మౌలో ప్రత్యేక యూనిట్ ఉంది. బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు చిన్న వయసులోనే పిల్లలను తీసుకుని చదువూ, ఆటా రెండూ చెప్పిస్తాయి. పేరు తెచ్చుకున్న క్రీడాకారులు హవల్దార్‌గానో నాయబ్ సుబేదార్‌గానో నేరుగా చేరే వీలూ ఉంది.

రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 2004 ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్ రజతం, డోగ్రా రెజిమెంట్ సుబేదార్ విజయ్ కుమార్ 2012 లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ రజతం గెలిచారు. నాయబ్ సుబేదార్‌గా చేరిన నీరజ్ చోప్రా 2021 ఆగస్టు 7న టోక్యోలో జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం అందుకున్నాడు. మహార్ రెజిమెంట్ జవాను అవినాశ్ సాబ్లే కథ వేరు. ఇతడు సియాచిన్ మంచులో కాపలా కాసి వచ్చాక క్రాస్‌కంట్రీ మొదలుపెట్టాడు. సైనిక కోచ్ అమ్రీశ్ కుమార్ ఇతణ్ణి స్టీపుల్‌చేజ్‌కు మళ్లించాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 0.05 సెకను తేడాతో స్వర్ణం తప్పి రజతం దక్కింది.

తెలుగు ప్రాంతాలు

2007 అక్టోబరులో నాలుగో ప్రపంచ సైనిక క్రీడలకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. తెరచాప పడవల పోటీలు ముంబైలో జరిగాయి. నిజామాబాద్‌కు చెందిన సైనిక బాక్సర్ మహ్మద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు సాధించాడు. విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు విభాగంలో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు.

మహిళలు

ఈ దారి మహిళలకు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. ట్రాప్ షూటర్ ప్రీతి రజక్ 2022లో మిలిటరీ పోలీసు విభాగంలో హవల్దార్‌గా చేరి, 2024 జనవరిలో సైన్యంలో తొలి మహిళా సుబేదార్ అయింది. అదే విభాగంలో చేరిన బాక్సర్ జైస్మిన్ లంబోరియా 2025లో లివర్‌పూల్‌లో 57 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది.