అమాయకుడు

పల్నాడు మిరప చేలల్లోనైనా పర్చూరు నల్లరేగడి పత్తిలోనైనా ఈ మాట వినపడుతుంది: "మావాడు అమాయకుడండీ." బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న కొడుకు గురించి తల్లి చెప్పేమాట అది. సర్టిఫికెట్టులో బుద్ధిమాంద్యం అని ఉంటుంది. పాత కాగితాల్లో మానసిక వికలాంగుడు, ఇప్పటి సంక్షేమ శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతుడు. వీధిలో పిలిచే పేరు ఇక్కడ రాయను. వీటన్నిటినీ పక్కనపెట్టి తల్లి ఏరుకున్న మాట అమాయకుడు.

పుట్టుక చూస్తే గౌరవమైన మాటే. మాయ అంటే కపటం, వంచన. అవి లేనివాడు అమాయకుడు. అమాయకుల మీద కాల్పులు అని పత్రికలు రాస్తే, ఏ పాపం ఎరుగనివాళ్ళనే అర్థం చేసుకుంటాం. కానీ వాడుకలో మాట జారింది. కపటం తెలియనివాడు కాస్తా ఏమీ తెలియనివాడయ్యాడు. "అంత అమాయకంగా ఎట్లా సంతకం పెట్టావురా?" అనడంలో మెప్పేమీ లేదు. తల్లి మొదటి అర్థంలో అంటుంది, ఊరు రెండో అర్థంలో వింటుంది. నా బాధంతా అక్కడే. ఏమీ తెలియనివాడికి నేర్పేదేముంది, వాణ్ణి అడిగేదేముంది అని బడి అనుకుంటుంది, బ్యాంకు అనుకుంటుంది, చివరికి ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు.

తెలియకపోవడం వేరు, నిదానంగా తెలియడం వేరు. మిరప కల్లంలో ఎండిన కాయల్లోంచి తాలుకాయలు ఏరే చోట చూడండి. పక్కన కూర్చున్న పిన్ని ఎర్రకాయ ఇటు, తెల్లబారింది అటు అని కొన్నాళ్ళు చేయిపట్టి చూపిస్తే, ఆ తర్వాత ఆ కుర్రాడు తనే ఏరతాడు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోకూడదని కూడా నేర్చుకుంటాడు. అందరికంటే తక్కువే ఏరతాడు, నిజమే. కూలి మాత్రం ఆ తక్కువకు తగ్గట్టు కూడా ఇవ్వరు. "అమాయకుడు, డబ్బులేం చేసుకుంటాడు?" అని టీ, బన్ను చేతిలో పెడతారు. మంచివాళ్ళే పెడతారు.

వైకల్య శాతం తేల్చే సదరం శిబిరంలో ఈ మాటకు ఇంకో పని పడుతుంది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఐక్యూతో పాటు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో కూడా చూడమన్నాయి. అందుకు వాడే వైన్‌లాండ్ స్కేలును అమెరికాలో 1930లలో ఎడ్గర్ డాల్ తయారుచేస్తే, ఎ.జె. మాలిన్ మన దేశానికి మలిచారు. అందులోవన్నీ ఇంటి ప్రశ్నలే: తనే తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, కొట్టుకెళ్ళి చిన్న వస్తువు కొంటాడా? వైకల్యం తేలికపాటిదైతే 50 శాతం, మధ్యరకమైతే 75, తీవ్రమైతే 90. పింఛనుకు కనీసం 40 కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలయింది, పెంచిన డబ్బు 2024 జూలై 1న పెనుమాకలో మొదలుపెట్టి పంచారు. 2025లో మళ్ళీ పరీక్షలు పెట్టి చాలామందికి నోటీసులిచ్చారు. పింఛను పోతుందన్న భయంలో ఉన్న తల్లి, కొట్టుకెళ్ళి ఉప్పు ప్యాకెట్ తెస్తాడన్న సంగతి గర్వంగా చెప్పుకోగలదా? "ఏమీ తెలియదండీ, ఉత్త అమాయకుడు" అంటుంది. పదేళ్ళు ఓపిగ్గా తను నేర్పిందంతా తన నోటితోనే కొట్టేస్తుంది. ఆమెచేత ఆ మాట అనిపించే పద్ధతి మారాలి. ఏం రాదో రాసుకున్న కాగితంలోనే ఏం వచ్చో, ఇంకేం నేర్పవచ్చో కూడా రాయాలి.

చట్టం ఈపాటికే అటు తిరిగింది. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడు, 2016 చట్టంలో ఇరవై ఒకటి. కొత్త చట్టం 14వ సెక్షన్ సంరక్షకుణ్ణి పరిమితంగానే ఉంచింది. నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, అంటే అమాయకుణ్ణి కూడా అడగాలి. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉంది, ఎలా నేర్పాలో తెలిసినవాళ్ళను తయారుచేస్తోంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. కానీ అవి బడి ఈడు పిల్లలవి. పద్దెనిమిది దాటాక? మిరప కోతల రోజుల్లో తెల్లవారకముందే తల్లి కూలికి వెళ్ళాలి. పాతికేళ్ళ కొడుకును లోపల పెట్టి గొళ్ళెం వేస్తుంది, లేదంటే చేనుకు తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెడుతుంది. నెలకు 6,000 రూపాయలు ఆ గొళ్ళెం తీయలేవు.

అందుకే పింఛనుతో ఆగకూడదంటున్నాను. భవిత గది తలుపులు పెద్దవాళ్ళకూ తెరవాలి. కోతల కాలంలో కూలీల వేళకే తెరవాలి. తీసుకొచ్చి దింపడానికి ఆటో, మధ్యాహ్నం భోజనం, నేర్పే టీచరు, చేసిన పనికి లెక్కకట్టి కూలి ఉండాలి. ఇక, ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మేం పోయాక వీడి గతేంటి?" 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ సభ్యుడిగా ఉండే జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమించగలదు. ఆ సంరక్షకుడు కాగితాలు చూస్తాడు, పూట పూటా అన్నం పెట్టి పక్కనుండే మనిషి వేరే కావాలి. ఆ మనిషికి జీతమిచ్చి, నలుగురైదుగురు కలిసుండే ఇల్లు మండలంలోనే ప్రభుత్వం నడపాలి. ఎక్కడో దూరాన ఉన్న ఆశ్రమం వద్దు. ఆ కొడుక్కి ఉప్పు ప్యాకెట్ ఇచ్చి చిల్లర సరిగ్గా లెక్కపెట్టే కొట్టతను ఉన్న ఊళ్ళోనే ఆ ఇల్లుండాలి. తల్లి బతికుండగానే అతను అక్కడ కొన్ని రాత్రులు పడుకుని అలవాటుపడాలి.