నలంద బుద్ధుణ్ణి ఇంటికి తెచ్చిన ఫోటో

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక దొంగతనం కథ చెప్పుకుందాం. 1961లో బీహార్‌లోని నలందలో, ఆర్కియలాజికల్ సర్వే వాళ్ల మ్యూజియంలోంచి 14 విగ్రహాలు పోయాయి. అందులో ఒకటి 12వ శతాబ్దానికి చెందిన కంచు బుద్ధుడు. అక్కడక్కడా వెండి పొదిగిన చిన్న విగ్రహం.

2018 మార్చిలో ఆ బుద్ధుడు ఒక ట్రేడ్ ఫెయిర్‌లో కనిపించాడు. అదే ఏడాది ఆగస్టు 15న, సరిగ్గా మన స్వాతంత్ర్య దినోత్సవం రోజున, లండన్ పోలీసులు విగ్రహాన్ని అక్కడి మన హైకమిషన్‌కి అప్పగించారు. అంటే మధ్యలో 57 ఏళ్లు గడిచిపోయాయి. మరి ఇన్నేళ్ల తర్వాత "ఇది మాదే" అని ఎలా నిరూపించారు? అసలు ప్రశ్న అదే.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చూద్దాం. 8వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా బీహార్, బెంగాల్ ప్రాంతాల్ని పాల రాజులు ఏలారు. బౌద్ధానికి వాళ్లు పెద్ద అండ. ఆ కాలంలో కంచు విగ్రహాలు చాలా తయారయ్యాయి. 1930లో గయ దగ్గర కుర్కిహార్ అనే ఊళ్లో ఒక్కచోటే 200కి పైగా కంచు వస్తువులు బయటపడ్డాయంటే ఊహించుకోండి. చిన్న విగ్రహాలు కాబట్టి భిక్షువులు, యాత్రికులు వాటిని నేపాల్, టిబెట్ దాకా మోసుకెళ్లేవాళ్లు. మోసుకెళ్లడం ఎంత తేలికో, దొంగిలించడమూ అంతే తేలిక.

ఇక్కడే చిక్కు. పాల కాలం బుద్ధుళ్లు చాలామంది ఒకేలా కనిపిస్తారు. పద్మాసనం, కుడిచెయ్యి కిందికి దించి నేలను తాకే భూమిస్పర్శ ముద్ర. "ఇలాంటివి బోలెడు ఉన్నాయండీ, ఇది అదే అని గ్యారంటీ ఏంటి?" అని ఎవరైనా అడగొచ్చు.

దీనికి సమాధానం తయారీ పద్ధతిలోనే ఉంది. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టి విగ్రహాన్ని బయటికి తీస్తారు. మైనం పోయింది, అచ్చూ పోయింది. కాబట్టి అచ్చంగా అలాంటిదే ఇంకోటి రాదు. అదే శిల్పి ఇంకోటి చేసినా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. పైగా వందల ఏళ్లలో పడిన గీతలు, అరుగుదల, సొట్టలు ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రతి విగ్రహానికీ ఒక యూనిక్ ఐడీ ఉన్నట్టే.

అయితే ఐడీ ఉంటే సరిపోదు, డేటాబేస్‌లో ఎంట్రీ కూడా ఉండాలి కదా. నలంద విషయంలో ఆ ఎంట్రీ ఉంది. పోయిన విగ్రహాల పాత ఫోటోలు మిగిలాయి. ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్‌కి చెందిన విజయ్ కుమార్, కళాఖండాల నేరాల మీద పనిచేసే లిండా ఆల్బర్ట్‌సన్ ఆ విగ్రహాన్ని గుర్తుపట్టి పోలీసులకి చెప్పారు. పాత ఫోటోతో పోలిస్తే సరిపోయింది. అప్పటికే అది చాలా చేతులు మారింది. అప్పటి యజమానికి, డీలర్‌కి దొంగతనంతో సంబంధం లేదని పోలీసులే అన్నారు. సంగతి తెలిశాక వాళ్లూ తిరిగివ్వడానికి ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి గమనించండి. దొంగ రవాణాని ఆపడానికి యునెస్కో ఒప్పందం వచ్చింది 1970లో. అది వెనకటి తేదీలకి వర్తించదు. అందుకే సేకరించేవాళ్లు, మ్యూజియంలు "1970కి ముందే దేశం దాటిందా?" అని చూస్తారు. మన బుద్ధుడు పోయింది 1961లో. ఫోటో గనక లేకపోతే ఆ తేదీ అమ్మేవాళ్లకే పనికొచ్చేది.

బయటికెళ్లినవన్నీ దొంగసొత్తు కాదు లెండి. మన బాపట్ల దగ్గర బుద్ధాంలో బ్రిటిష్ కాలంలో దొరికిన కంచు బుద్ధుళ్లు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి నలంద బుద్ధుడి కంటే చాలా పాతవి. వాటి కథ వేరు, కానీ అవి ఏ ఊరివో రాసిపెట్టారు కాబట్టే ఈరోజు మన ఊరి పేరు చెప్పుకోగలుగుతున్నాం.

ఇక అసలు మాట. మీ ఊరి గుడిలో పాత ఉత్సవ విగ్రహాలు ఉన్నాయా? వాటికి ఫోటోలు ఉన్నాయా? అర్చకుల్ని, ఈఓ గారిని అడిగి, అనుమతి ఉంటేనే తీయండి. ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు. పక్కన ఒక స్కేలు పెట్టండి. విరిగిన చోట, అక్షరాలున్న చోట దగ్గర్నుంచి తీయండి. ఎత్తు, బరువు, తేదీ రాసి ఒక కాపీ గుడిలో ఇవ్వండి. ఆబ్జెక్ట్ ఐడీ అనే అంతర్జాతీయ పద్ధతి అడిగేది కూడా దాదాపు ఇదే.

నలంద జాబితాలో మొత్తం 14 ఉన్నాయి, మనం చెప్పుకున్నది ఒక్కదాని గురించే. ఫోటో లేని విగ్రహం పోతే కనీసం వెతకడానికి కూడా ఆధారం ఉండదు. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.