ఒంట్లోకి వచ్చిన పేటెంటు

ముడిచమురులోని ఒక్కో పదార్థాన్ని అరిగించుకునే శక్తి ఒక్కో రకం బ్యాక్టీరియాకు ఉంటుంది. ఆ శక్తినిచ్చేవి ప్లాస్మిడ్లు, అంటే చిన్న డీఎన్ఏ వలయాలు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న బెంగాలీ శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి అలాంటివి నాలుగింటిని ఒకే సూడోమోనాస్ కణంలో చేర్చి, 1972లో అమెరికాలో పేటెంటు అడిగారు. తయారీ పద్ధతికైతే ఇస్తాం, ప్రాణికి ఇవ్వం అంది పేటెంట్ కార్యాలయం.

1980 జూన్ 16న అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో చక్రవర్తి పక్షాన తీర్పిచ్చింది. మనిషి తయారుచేసినదైతే చాలు, ప్రాణం ఉన్నా అడ్డు కాదంది. ఆ అక్టోబరులోనే జెనెన్‌టెక్ షేరు మార్కెట్లోకి వచ్చి, గంట తిరక్కుండానే 35 డాలర్ల నుంచి 88కి ఎగబాకింది.

చేసినదానికి దక్కిన హక్కు మెల్లగా కనుక్కున్నదానికీ పాకింది. చిక్కంతా అక్కడే.

వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన జన్యువు ఒకటి 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ చూపారు. 1994లో మిరియడ్ జెనెటిక్స్ బృందం ఆ బీఆర్‌సీఏ1 జన్యువును విడదీసింది. దాని మీద, తర్వాత బీఆర్‌సీఏ2 మీద ఆ కంపెనీకి పేటెంట్లు దక్కాయి. ఆ జన్యువుల్లో లోపాలను పట్టే పరీక్ష చేస్తున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ల్యాబుకు ఆపేయమని నోటీసు వెళ్లింది. పరీక్ష ఖరీదు 3,000 డాలర్లు దాటింది. షుగర్ రిపోర్టు మీద అనుమానం వస్తే మనం ఇంకో ల్యాబుకు వెళ్తాం. క్యాన్సర్ ముప్పు తగ్గించుకోవడానికి అండాశయాలు తీయించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన స్త్రీకి అక్కడ ఆ పాటి వీలు కూడా లేకపోయింది. ఇంతకన్నా పెద్ద అన్యాయం ఏముంటుంది?

2009లో రోగులు, వైద్యులు, పరిశోధకులు కలిసి ఆ పేటెంట్ల మీద కోర్టుకెక్కారు. ఈలోగా 2012లో, రోగి రక్తంలోని మందు ఆనవాళ్లను బట్టి మోతాదు సరిచూసుకునే పద్ధతికి పేటెంటు చెల్లదని సుప్రీంకోర్టు మరో కేసులో తేల్చింది. 2013 జూన్ 13న జన్యువుల వంతు వచ్చింది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏను విడదీసినంత మాత్రాన అది ఎవరి సొత్తూ కాదని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. ల్యాబులో తయారుచేసే సీడీఎన్ఏకు మాత్రం హక్కు ఉండవచ్చన్నారు. ఆ రోజే మరికొన్ని ల్యాబులు తామూ ఆ పరీక్ష చేస్తామని ప్రకటించాయి.

పేటెంటు పోయినా, ఏ జన్యుమార్పు ప్రమాదకరమో, ఏది కాదో చెప్పే సమాచారం చాలావరకు ఆ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అందుకే వైద్యులు రోగుల పేర్లు తీసేసి, పాత రిపోర్టులను ఒక్కొక్కటిగా క్లిన్‌వార్ అనే ప్రభుత్వ డేటాబేస్‌కు చేరుస్తూ వచ్చారు.